చుట్టబట్ట మీద నిలబడిన జపాన్

మొన్న సోమవారం పొద్దున ఇటిక్యాల దగ్గర వరిమడి మీద డ్రోన్ మందు కొడుతుంటే, బస్సులో జనమంతా కుడిపక్క కిటికీల మీద పడ్డారు. బస్సు ఒరిగిపోతుందేమోనని సీట్లో కూర్చునే నా కుడికాలు బ్రేకు తొక్కింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన కాలు, దానికి రిటైర్మెంటు సంగతి ఇంకా తెలియదు. గట్టు మీద ఒక ఆడమనిషి నెత్తిన కొంగు వేసుకుని, చేతిలో చిన్న డబ్బాలాంటిది పట్టుకుని ఆ డ్రోన్‌ను ఆడిస్తోంది. అది తేనెతుట్టె కదిలినట్టు మోగుతూ మడి ఆ చివరి దాకా పోయి, తిరిగి వచ్చి, పెంపుడు కోడిలా ఆమె కాళ్ళ ముందు దిగింది.

అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నేనొక్కణ్ణే తాపీగా కూర్చున్నాను. ఇదేం గొప్ప, జపాన్‌లో నేను చూసినప్పుడు ఇలాంటిది నాలుగో అంతస్తు కిటికీ దగ్గరికి అన్నం డబ్బా తెచ్చిచ్చి, వంగి దండం పెట్టి మరీ పోయేదని పక్క సీటాయనతో అన్నాను. ఆయన కళ్ళల్లో నా మీద ఎంత గౌరవం పుట్టుకొచ్చిందో. జపాన్‌లో ఎన్నాళ్ళున్నారని అడిగాడు. ఏడాదిన్నర, వారానికి రెండు రోజుల చొప్పున అన్నాను. ఆయనకు లెక్క కుదరక కిటికీ వైపు తిరిగాడు.

మీకు మాత్రం నిజం చెప్పేస్తాను. పడమటికి నేను రాయచూరు దాటలేదు, ఉత్తరానికి హైదరాబాదు దాటలేదు. అయినా వారానికి రెండు రోజులు జపాన్‌లో ఉన్నానన్నది అబద్ధం కాదు. గద్వాల దవాఖానలో డయాలసిస్ గది ఉంది. అందులో నాలుగో మంచం మీద పడుకునే ఒక ఆమె మమ్మల్నందరినీ అక్కడికి తీసుకుపోయేది. డ్రోన్ దిగగానే నా నోట్లోకి వచ్చిన మాట కూడా ఆమెదే. ఏ కొత్త యంత్రాన్ని చూసినా ఆమె మొదట అడిగేది ఒకటే: "గిది ఎవరి నెత్తి దించింది?"

అంటే ఎవరి నెత్తి మీది బరువు దించింది అని. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే అది మంచి యంత్రం, దొరక్కపోతే ఆటబొమ్మ. ఆమె దగ్గర మూడో రకం లేదు.

ఆమె పేరు రాయను. పేరు రిజిస్టర్‌కు, మనిషిని పిలవడానికి వరస చాలు అనేది. నేను చెల్లె అనేవాణ్ణి, నన్ను డ్రైవరన్న అనేది. వయసు యాభై దాటి ఉంటుంది. సగం వయసు పుణె, ముంబైలలో కడుతున్న బిల్డింగుల కింద సిమెంటు మాలు తట్టలకెత్తుకుని మోసింది. నడినెత్తిన అరచేయంత మేర జుట్టు అరిగిపోయింది. మెడ మాత్రం నిటారు. మంచం మీద పడుకున్నా ఆ మెడ వాలేది కాదు, కనపడని తట్ట ఏదో ఇంకా నెత్తిన ఉన్నట్టే.

డయాలసిస్ అంటే తెలియని అదృష్టవంతులకు రెండు ముక్కలు. మూత్రపిండాలు పని మానేసిన వాళ్ళ రక్తాన్ని మిషను గొట్టంలోంచి బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతుంది. చేతిలో రెండు లావు సూదులు, నాలుగు గంటలు కదలకుండా పడక. మా జట్టుకు సోమవారం, గురువారం, పొద్దుటి షిఫ్టు. ఒకటో మంచం అలంపూర్ నుంచి వచ్చే పూజారి అయ్యగారిది. రెండోది గద్వాలలోనే చీరలు నేసే లక్ష్మమ్మది. మూడోది నాది. మొదటి రోజు సూది గుచ్చుతుంటే నేను కన్ను కూడా ఆర్పలేదు. ఇంత ధైర్యస్థుణ్ణి చూడలేదని సిస్టర్ అంతటామె ముక్కు మీద వేలేసుకుంది.

అని ఇంట్లో చెప్పాను. జరిగింది వేరు. సూది సైజు చూడగానే, బస్సు తాళాలు బస్సులోనే మరిచిపోయానని చెప్పి లేచి గేటు దాకా పోయాను. నేను రిటైరై పదేళ్ళయిందని నా కేసు కాగితం మీదే రాసి ఉంది. సిస్టర్ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. అప్పుడు నాలుగో మంచం నుంచి ఆ గొంతు మొదటిసారి విన్నాను.

"డ్రైవరన్నా, నీ బస్సు యాడికీ పోదు. గిటు రా, నీకొక ఊరు చూపిస్త."

సంచిలోంచి ఆమె చుట్టబట్ట తీసింది. తట్ట కింద నెత్తి మీద పెట్టుకోవడానికి పాత చీరముక్కను మెలితిప్పి గుండ్రంగా చుడతారు, అది. ఎన్ని బిల్డింగుల సిమెంటు తాగిందో, రాయిలా గట్టిపడి ఉంది. దాన్ని చక్రాల బల్ల మీద పెట్టి, నడుమ గుంటలో ఫోను ఆనించి నిలబెట్టింది. నాలుగు మంచాలకూ కనపడేలా సిస్టర్ బల్లను జరిపింది. అది ఎవరో వాడి ఇచ్చిన ఫోను, జపాన్ బొమ్మల సినిమా అందులో ముందే ఉందట.

ఆ ఊరు చూడాలి మీరు. సముద్రం పక్కన కొండ, కొండ నిండా ఇళ్ళు, ఇళ్ళ మధ్య మెట్లు. రాబోయే కాలం ఊరన్నమాట. కథంతా ఒక చిన్నపిల్ల, వాళ్ళ నాయనమ్మ ఉండే ఇంటిది. ఆ ముసలమ్మను కూర్చోబెట్టుకుని కుర్చీ తనే మెట్లెక్కుతుంది. ఉతికిన బట్టలు లోపల పడేస్తే అల్మారా మడిచి పెడుతుంది. గొడుగు వాన రాకముందే తలుపు దగ్గరికి నడిచి వచ్చి నిలబడుతుంది. ఇంకొకటుంది, వెదురుగంప అంత రోబో, రెండు పొట్టి కాళ్ళు, ఒక భుజం సొట్ట. అది కూరగాయల అంగడికి పోయి వంకాయ నొక్కి చూసి మరీ తెస్తుంది. ఆమె దానికి గంప అని పేరు పెట్టింది. ఊరికి అవతలి గద్వాల అని పెట్టింది.

ఆ ఊళ్ళో కొట్లాటల్లేవు. కత్తుల్లేవు. లిఫ్టుకు సుస్తీ చేయడం ఒక రోజు కథ, గంప దారి తప్పడం ఒక రోజు కథ. విలన్ ఎప్పుడొస్తాడని నేను రెండు వారాలు ఎదురుచూసి అడిగేశాను. విలన్ మన కిడ్నీల్లోనే కాపురం పెట్టాడు కదా, అక్కడ కూడా ఎందుకు అంది. లక్ష్మమ్మ నవ్వి నవ్వి గొట్టాలు కదిలితే మిషను కీచుమని అరిచింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి అందరినీ తిట్టి, ఫోను కనపడే చోటే నిలబడిపోయింది.

ఫోనులో గొంతు బందు పెట్టేది ఆమె. వాళ్ళ మాట వినపడితే నా మాట ఎవరు వింటరు అనేది. ముంబైలో ఒక జపాన్ ఇంజనీరు కింద రెండేళ్ళు పనిచేసిందట, అన్నం తినే వేళ ఆయన రోజుకు పది మాటలు నేర్పేవాడట. అందుకని పెదాలు చూసి చెప్పగలదు. నేను నమ్మాను. అబద్ధాలాడే వాడికి ఎదుటి వాళ్ళ అబద్ధాన్ని పసిగట్టే ముక్కు ఉంటుందంటారు. నా ముక్కుకు ఆ రోజుల్లో జలుబేమో.

కూలిమనిషి కళ్ళతో చూసేది ఆ ఊరిని. ఆకాశాన్నంటే మేడ కనపడితే చాలు, దీనికి సెంట్రింగ్ ఎవరు కొట్టిండ్రో, గిన్ని మెట్లకు కంకర ఎవరు మోసిండ్రో అని ఆరా. కుర్చీ మెట్లెక్కడం ఆమెకు మహా ఇష్టం, ముసలమ్మ మోకాళ్ళ బరువు దించింది కాబట్టి. యజమాని ఇంట్లోకి రాగానే ఇవాళ భలే ఉన్నావని పొగిడే గోడ ఒకటుంది, దాన్ని మాత్రం చీదరించుకునేది. పొగిడే గోడకంటే సున్నం కొట్టిన గోడ నయం అని తీర్పు. గంపకు ప్రాణం ఉన్నట్టా లేనట్టా అని అయ్యగారికి సందేహం వచ్చింది. వంకాయ నొక్కి చూసేదానికి ప్రాణం లేకపోవడం ఏంది సామీ అంది. ఆయన నాలుగు రోజులు ఆలోచించి, ఉందనే తేల్చారు.

ఇంకొక విద్య ఉండేది ఆమెకు. మా అందరికీ ముంజేతిలో రెండు నరాలు కలిపి కుట్టి ఉంటాయి, సూదులు గుచ్చేది అక్కడే. చెవి ఆనిస్తే ఆ చోట రక్తం గుంయ్యిమని మోగుతుంటుంది. నాకు అది వినాలంటే భయం. ఆమె ఒకరోజు తన చెయ్యి నా చెవికి ఆనించి, "నీళ్ళ మోటర్ పెట్టిండ్రన్నా నా చేతిల. ఇను. గంపకు గూడ గిట్లనే మోగుతది," అంది. అప్పట్నుంచి మేం జబ్బు మనుషులం కాము, రాబోయే కాలం మనుషులం. మిషన్లు మా ఇంటి మిషన్లు. సిస్టర్ రెండో సూది అందుకునే క్షణం చూసి ఆమె, అప్పుడు ఏమైందంటే, అని మొదలుపెట్టేది. సూది ఎప్పుడు దిగిందో చేతికి తెలిసేది కాదు.

కొండ చివర ఎర్రకప్పు గది ఒకటుంది. ముసలమ్మ వారానికి రెండుసార్లు మూట పట్టుకుని కుర్చీలో అక్కడికి పోతుంది. అది వాళ్ళ దవాఖాన అని ఆమె చెప్పింది. అక్కడ రక్తం కడగడానికి సూదే లేదట, ఒక చాయ తాగేంతసేపు పడుతుందట, మంచినీళ్ళు ఎన్ని కావాలంటే అన్ని తాగొచ్చట. రోజుకు రెండు గ్లాసుల కొలతతో బతికే మేం ఆ మాటకు గుటక మింగేవాళ్ళం. "వస్తది మనకు గూడ. మనమున్నప్పుడు వస్తదా, పోయినంక వస్తదా, గది తెల్వదు. వచ్చేది మాత్రం ఖాయం," అనేది. చెప్పేటప్పుడు ఆ నిటారు మెడ ఇంకో అంగుళం లేచేది.

కథ ఏ రోజూ పూర్తిచేసేది కాదు. వాళ్ళ నాయన వీధిభాగవతం ఆడేవాడట. కథ అయ్యేదాకా వాళ్ళు మంగళం పాడరు. నడుమ ఏదైనా పని మీద ఇంటికి పోవలసి వస్తే, పాటకు వాయించే తాళాలు ఆ ఊళ్ళోనే ఎవరింట్లోనైనా పెట్టి పోతారు. తాళాలు ఇక్కడున్నాయి కాబట్టి ఆట మళ్ళీ ఉందని ఊరికి నమ్మకం. ఆమె దాన్ని తిరగేసింది. సరిగ్గా గంప కాలుజారే చోట కథ ఆపి, చుట్టబట్ట మాలో ఒకరి చేతిలో పెట్టి, వచ్చేసారి తేవాలె, లేకుంటే ఫోను నిలవడదు అనేది. ఒకసారి లక్ష్మమ్మకిచ్చింది, రెండుసార్లు వరసగా అయ్యగారికిచ్చింది. ఎవరికి ఎందుకిస్తుందో నేను పట్టించుకోలేదు.

నాకిచ్చిన రోజు చెప్తాను. అప్పటికి ఆరు నెలలు. ఇక చాలని ఆ గురువారం పొద్దున్నే నిశ్చయించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. సోమవారం నుంచి రాకూడదు, ఏమైతే అది కానీ అని. నేను అంత తెగించినవాణ్ణి, చావు ఎదురొస్తే హారన్ కొట్టి పక్కకు తప్పించి పోయేవాణ్ణి అని రాద్దామనుకున్నాను. కాదు. విసుగొచ్చింది, అలసిపోయాను, రాత్రి దాహానికి ఏడ్చాను. అంతే. మిషను విప్పాక లేస్తుంటే ఆమె చుట్టబట్ట నా సంచిలో కుక్కింది. వద్దన్నాను. లక్ష్మమ్మకివ్వు అన్నాను.

"లక్ష్మమ్మ ఎట్లయినా వస్తది. నువ్వు తేవాలె," అంది.

ఇంటికి పోయి దాన్ని కొయ్యకు తగిలించాను. ఆదివారం దాకా దాని వైపు చూడలేదు. ఆదివారం చూశాను. అది తేకపోతే ఫోను బల్ల మీద వెల్లకిలా పడుకుంటుంది, అయ్యగారికి కప్పు తప్ప ఏమీ కనపడదు, లక్ష్మమ్మ మెడ తిప్పలేదు. నా మీద కోపం నాది, వాళ్ళ జపాన్‌ను నేనెందుకు ఆపాలి. ఇచ్చేసి వచ్చేద్దామని సోమవారం మొదటి బస్సెక్కాను. ఇచ్చేశాను. ఆమె బల్ల మీద పెట్టి, అప్పుడు ఏమైందంటే, అంది. రెండో సూది దిగాక తెలిసింది, నేను మంచం మీద ఉన్నానని.

తర్వాత ఏడాది పాటు రాకుండా ఉండలేదు. ఈ శ్రావణంలో ఒక గురువారం, గంప వానలో మెట్ల నడుమ చార్జింగు అయిపోయి కూలబడింది. నెత్తి మీద ముసలమ్మ మూట. పైకి నలభై మెట్లు, కిందికి నలభై మెట్లు. అక్కడ ఆపి ఆమె చుట్టబట్ట నాకిచ్చింది. నాకు రోషమొచ్చింది. నేనిప్పుడు బాగానే ఉన్నాను కదా, నాకెందుకు అన్నాను. "ఉంచు అన్నా," అంది.

సోమవారం నాలుగో మంచం ఖాళీ. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే పోయిందని సిస్టర్ చెప్పింది. ఫోను వాళ్ళింట్లో ఉండిపోయింది. బల్ల మీద చుట్టబట్ట ఒక్కటే పెట్టాను. ముగ్గురం దాని వంకే చూస్తూ పడుకున్నాం. ఆఖరికి లక్ష్మమ్మ, గంప వానలోనే ఉందా అని అడిగింది. నాకేం పుట్టిందో, మిగతా కథ నాకు ముందే చెప్పింది, మొత్తం తెలుసు అనేశాను. ఆమె నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒక నెల రోజులు ఏదో ఒకటి కల్పించి, గంపను మెట్ల మీద నుంచి కదపకుండా, వాన గురించే చెప్తూ వచ్చాను. అంత పొడుగు వాన జపాన్‌లో కూడా కురిసి ఉండదు.

బొమ్మ లేకుండా ఎన్నాళ్ళు లాగుతాను. డిగ్రీ చదివే మా మనవరాలికి కొండ, మెట్లు, గంప అని గుర్తులు చెప్తే, క్షణంలో దాన్ని నా ఫోనులో దించిపెట్టింది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే చదివి చెప్పింది. మొత్తం పన్నెండు భాగాలు, తాతా, అంది. కాదు, నూటయాభై దాకా చూశామన్నాను. పన్నెండే అంది. చూశాను. ముసలమ్మ ఆ పిల్లకు నాయనమ్మ కాదు, ఇంటి ఓనరు. గంప భుజానికి సొట్ట పడిన కథే వేరు. ఎర్రకప్పు గది దవాఖాన కాదు, బట్టలుతికే అంగడి. ముసలమ్మ మూటలో ఉన్నవి దుప్పట్లు.

ఏడాదిన్నర పాటు ఆమె ఆ పన్నెండింటినే తిప్పి తిప్పి వేసి, ప్రతిసారీ కొత్త కథ చెప్పింది. వాళ్ళ నాయన ఒకే తెర, ఒకే కిరీటంతో భాగవతాలన్నీ ఆడినట్టు. ఒకసారి నాకు అనుమానం రాకపోలేదు. ఆ పిల్ల ఎప్పుడూ పసుపు గౌనేనా అని అడిగాను. నీకు చొక్కాలెన్ని ఉన్నయి అంది. రెండు.

అదిగో, మొన్న సోమవారం బస్సులో నేను పోతున్నది ఈ సంగతి చెప్పేయడానికే. చెప్తే వాళ్ళ జపాన్ పోతుంది. జపాన్ పోతే లక్ష్మమ్మ వస్తుందా, అయ్యగారు వస్తారా, అసలు నేనొస్తానా? చెప్పకపోతే నేను బతికినన్నాళ్ళూ గంప వానలో తడవాలి. జీవితంలో మొదటిసారి అబద్ధం బరువనిపించింది. డ్రోన్ ముందు గొప్పలు పోయింది అందుకే, ఆఖరిసారి కదా అని.

గదిలోకి పోయి, చుట్టబట్ట మీద ఫోను నిలబెట్టి, మొత్తం చెప్పేశాను. పన్నెండు భాగాలు. బట్టల అంగడి. జపాన్ ఇంజనీరు కూడా ఉండి ఉండడు. మిగతా కథ నాకామె చెప్పనే లేదు. చెప్పి, తల వంచుకున్నాను.

ఎవరూ ఏడవలేదు. లక్ష్మమ్మ అయ్యగారి వంక చూసింది, అయ్యగారు సిస్టర్ వంక చూశారు.

"నాకు మూడో నెలలనే తెల్సన్నా," అంది లక్ష్మమ్మ. "అంచుల ఒక్కసారి చూసిన పువ్వు మళ్ళ వస్తే తెల్వకపోవనీకె నేనేం కొత్తగ మగ్గమెక్కిన్నా?"

రోజూ చదివిన మంత్రమే చదివేవాణ్ణి, నాకు తెలియదా అన్నారు అయ్యగారు. ఆయన లక్ష్మమ్మ కోసం బయటపడలేదట, లక్ష్మమ్మ ఆయన కోసం. సిస్టర్‌కు మొదటి నెలలోనే తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వొక్కనివే నమ్మినవ్ గదా," అంది లక్ష్మమ్మ. "నీ మొఖం చూసుకుంట మేము వింటుంటిమి."

నలభై ఊళ్ళ ప్రయాణికులకు కోతలు కోసిన మనిషిని. నా పరువు అలా చక్రాల బల్ల కింద పడి ఉండగా, నాలుగో మంచం మీద ఎవరో ఉన్నారని గమనించాను. ధరూర్ వైపు నుంచి కొత్తగా వచ్చిన రైతు, నలభై ఏళ్ళుంటాయి, మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని, గోడ వైపు తిరిగి ఉన్నాడు. సిస్టర్ అతని చెయ్యి నెమ్మదిగా విప్పి మొదటి సూది వేసింది. రెండోది చేతిలోకి తీసుకుని, నా వైపు చూసింది.

"గంప తడుస్తున్నదన్నా. లేపు," అంది లక్ష్మమ్మ.

అప్పుడు ఏమైందంటే, అన్నాను. వాన తెరిపిచ్చింది. కొండ కింద నుంచి ఒక మోత, తేనెతుట్టె కదిలినట్టు. అందరూ కిటికీలు తెరిచారు. మెట్ల కింద ఒక ఆడమనిషి నిలబడి ఉంది, నెత్తిన కొంగు, చేతిలో డబ్బా. జపాన్ మనిషి కాదు, ఇటిక్యాల మనిషి. పొద్దున్నే మడికి మందు కొట్టి, కాళ్ళకు బురదతోనే వచ్చింది. ఆమె వేలు కదిపితే డ్రోన్ లేచింది, నాలుగు కాళ్ళతో గంపను మూటతో సహా పట్టుకుంది. ఒక మెట్టు, రెండు మెట్లు, పది మెట్లు. కుర్చీలో ముసలమ్మ లేచి నిలబడింది. ఎర్రకప్పు గది తలుపు తెరుచుకుంది. మొత్తం నాలుగు గంటలు పట్టింది ఆ మెట్లకు. ముప్పై ఎనిమిదో మెట్టు మీద గాలి అడ్డం తిరిగింది. డ్రోన్ ఒక పక్కకు ఒరిగింది. అక్కడ ఆపాను.

మిషన్లు విప్పుతుంటే కొత్తాయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"పైకెక్కుతదా అది?" అని అడిగాడు.

చుట్టబట్ట తీసి అతని సంచిలో కుక్కాను. "గురువారం గిది నువ్వు తేవాలె. తెస్తే తెలుస్తది," అన్నాను.

ఎక్కుతుందో లేదో నాకే తెలియదు. తేల్చుకోవడానికి గురువారం దాకా టైముంది.